నిద్ర కోలర్ కాపలా

డాక్టరు గది తలుపు తీసి నర్సు "కోలర్ గారూ!" అని పిలిస్తే, బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లలో సగం మంది లేచి నిలబడతారు. హాసెల్‌గ్రుండ్‌లో ఇది మామూలే. కొత్త నర్సు అయితే బిత్తరపోతుంది. పాత నర్సు అయితే నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అందరూ కూర్చోండి. నిద్ర కోలర్, మీరు రండి," అంటుంది.

అప్పుడు బుర్క్‌హార్ట్ లేస్తాడు. ఒళ్లు విరుచుకుంటాడు. దొంగ ఆవులింత ఒకటి తీసి, "ఎవరో పిలిచినట్టుంటే కల అనుకున్నానండీ," అంటాడు. బెంచీల మీద వాళ్లంతా నవ్వుతారు.

ఆ ఆవులింత వెనకాల ఏళ్ల సాధన ఉంది. ఎదుటివాడు నవ్వేలోపల మనమే నవ్వేసుకుంటే దెబ్బ సగమే తగులుతుందని బుర్క్‌హార్ట్ బడికి వెళ్లే వయసులోనే కనిపెట్టాడు. మిగతా సగం ఎక్కడ తగులుతుందో ఎవరికీ చెప్పలేదు. పెళ్లాం హైడ్రున్‌కి కూడా.

కోలర్ అంటే కట్టెలు కాల్చి బొగ్గు చేసేవాడు. అందులో పెద్ద గొప్పేమీ లేదు. జర్మనీలో ఈ హార్ట్స్ కొండల్లో ఒకప్పుడు వెండి గనులుండేవి. ఖనిజం కరిగించాలంటే కొలిమి కావాలి, కొలిమికి బొగ్గు కావాలి, బొగ్గుకి అడవి కావాలి. అడవి పుష్కలంగా ఉంది కాబట్టి ఊరు ఊరంతా బీచ్ అనే గట్టి కలప చెట్లు నరికి బట్టీలు పెట్టింది. ఇంటిపేర్లు రాసుకునే కాలం వచ్చినప్పుడు దొరగారి గుమాస్తా గుర్రం దిగి, వరసగా నిలబడ్డ నల్లటి మొహాలు చూసి, ఒక్కొక్కణ్నీ అడిగే ఓపిక లేక అందరికీ ఒకే పేరు గీకేసి భోజనానికి వెళ్లిపోయాడని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో గానీ బుర్క్‌హార్ట్ నమ్ముతాడు. ప్రభుత్వ కచేరీల్లో పని ఇప్పుడు కూడా అలాగే జరుగుతోంది కదా మరి.

అడవీ కొలిమీ పక్కపక్కన ఉన్న ప్రతిచోటా ఇదే కథ. అందుకే జర్మనీలో ఏ మూలకి పోయినా ఒక కోలర్ ఎదురవుతాడు. నడుంనొప్పికి వైద్యం కోసం బుర్క్‌హార్ట్ ఒకసారి బాల్టిక్ సముద్రం ఒడ్డున ఆరోగ్యశాలలో ఉన్నాడు. భోజనాల బల్ల దగ్గర చూస్తే ఇటు పక్క కోలర్, అటు పక్క కోలర్. ఒకాయన పళ్ల డాక్టరు. ఒకావిడ ఇన్సూరెన్సు. బొగ్గంటే మాంసం కాల్చుకోడానికి సంచీల్లో అమ్మేదని తప్ప ఇద్దరికీ ఇంకేమీ తెలియదు. పని ఎప్పుడో చచ్చిపోయింది, పేరు మాత్రం పిల్లల్ని కంటూ పోయింది.

హాసెల్‌గ్రుండ్‌లో మరీ కన్నది. ఊరి ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు ఒక్కడే వేరే ఇంటిపేరు వాడు. బంతి వదిలేసినప్పుడల్లా "కోలర్ అయితే పట్టేవాడు" అని వాణ్ని ఏడిపిస్తారు. ఇంటిపేరు వల్ల మనిషిని గుర్తుపట్టే ఆశ లేదు కాబట్టి ఊరు ఎప్పుడో ఇంకో ఏర్పాటు చేసుకుంది. ప్రతి ఇంటికీ ఒక గడపపేరు. ఆ గడప లోపల పుట్టినవాళ్లకీ, మెట్టినవాళ్లకీ అదే అసలు పేరు. సారా దుకాణం నడిపే డెట్‌లెఫ్ మేక కోలర్. అతని తాత మేకని చర్చిలోకి తోలుకొచ్చాడట. బొగ్గుల సంఘానికి పెద్ద అయిన వాల్‌ట్రౌట్ అత్త గంట కోలర్. వాళ్లింటివాళ్లు చర్చి గంట కొట్టేవాళ్లు. హైడ్రున్ పుట్టింటివాళ్లు ఎడమచేతి కోలర్లు. పెళ్లితో ఆవిడకి సంతకం మార్చుకునే శ్రమ లేకపోయింది. మారింది గడపపేరే.

"మంచి మర్యాదైన ఎడమచేతి పేరు వదులుకుని నిద్రలోకి వచ్చిపడ్డాను," అంటుంది ఆవిడ, చుట్టాలు వచ్చినప్పుడల్లా.

ఆ నిద్ర బుర్క్‌హార్ట్‌ది కాదు, ముత్తాతది. బట్టీ ముట్టించాక, లోపలి కట్టె మంటెత్తకుండా మగ్గేలా రెండు వారాలు రాత్రీపగలూ కాపలా ఉండాలి. కాపలావాడు కూర్చోడానికి ఒంటికాలి పీట ఒకటి ఉంటుంది. కునుకు పడితే పీట ఒరుగుతుంది, మనిషి నేల మీద పడతాడు, లేస్తాడు. వందల ఏళ్లుగా ఆ పీట కోలర్ల నడ్డి విరగ్గొట్టి బట్టీలు కాపాడుతూ వచ్చింది. ముత్తాత బుర్ర ఉన్నవాడు. ఆ పీటకి రహస్యంగా ఇంకో రెండు కాళ్లు బిగించుకున్నాడు. హాయిగా నిద్రపోయాడు. బట్టీ అంటుకుంది. కళ్లు తెరిచి చూసి, ఊరిని పిలవడానికి వేలాడదీసిన చెక్కపలక కొట్టకుండా పారిపోయాడు. తర్వాత వెతికితే ఒక పాకలో గడ్డివాములో దొరికాడు, అక్కడ కూడా నిద్రపోతూ. శీతాకాలం బొగ్గంతా బూడిదైంది. గడపకి పేరొచ్చింది.

తమాషా ఏమిటంటే ఊళ్లో బుర్క్‌హార్ట్ కంటే తక్కువ నిద్రపోయేవాడు లేడు. అతను బడి బస్సు నడుపుతాడు. చీకటితోనే లేచి బస్సు మీద మంచు గీకుతాడు. ఒక్కరోజు కూడా ఆలస్యం చేసి ఎరగడు. అయినా పిల్లలు రోజూ బస్సెక్కుతూ, "గుడ్ మార్నింగ్ నిద్ర కోలర్ గారూ, కళ్లు తెరిచే ఉన్నాయా?" అంటారు. అతను స్టీరింగు మీద తల వాల్చి గురకపెడతాడు. పిల్లలు కిలకిలమంటారు. బస్సు వేళకే కదులుతుంది.

ఇలా జీవితం గడిచిపోయేదే. కానీ ఆ వసంతకాలంలో ఊరి బొగ్గుల సంఘానికి ఒక ఆలోచన వచ్చింది. ప్రతి ఇంటి తలుపు పక్కనా ఓక్ చెక్క మీద గడపపేరు చెక్కించి బిగించాలని. చూడ్డానికి వచ్చేవాళ్లకి ఊరు ముద్దొస్తుందట.

నోటితో అన్న మాట గాల్లో పోతుంది. చెక్క మీద చెక్కిన మాట వానకి కూడా పోదు. తన తలుపు పక్కన "నిద్ర కోలర్" అని, కింద ఎవరో నడుచుకుంటూ వచ్చి ఫోటో తీసుకుంటూ ఉండటం తలుచుకుంటే బుర్క్‌హార్ట్‌కి నవ్వు రాలేదు. కూతురు స్వెన్యా నెలలు నిండి ఉంది. ఆ పుట్టబోయేది ఇదే గడప దాటి బడికి వెళ్తుంది.

సారా దుకాణంలో సంఘం సమావేశం. అందరి ముందూ బీరు గ్లాసులు. బుర్క్‌హార్ట్ లేచి నిలబడ్డాడు. అలవాటుగా ఆవులింత రాబోతే మింగేశాడు.

"నా తలుపు పలక మీద వేరే పేరు రాయండి. బస్సు కోలర్ అని రాయండి. చాలు."

"ఏరా, కలవరిస్తున్నావా?" అన్నాడు డెట్‌లెఫ్. బల్లలన్నీ నవ్వాయి. బుర్క్‌హార్ట్ నవ్వలేదు. అది చూసి నవ్వు కొంచెం తడబడింది.

వాల్‌ట్రౌట్ అత్త గ్లాసు కింద పెట్టింది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. ఏటా ఊరి పండగకి పాతకాలం పద్ధతిలో ఒక బట్టీ పెడతారు; అది పేర్చడం తండ్రి దగ్గర నేర్చుకున్నది ఊళ్లో ఆవిడ ఒక్కతే. ఆ సంగతి తనూ మర్చిపోదు, ఎవర్నీ మర్చిపోనివ్వదు.

"గడపపేరు ఎవడికి వాడు పెట్టుకునేది కాదు రా. అలా అయితే డెట్‌లెఫ్ రాజు కోలర్ అని పెట్టుకుంటాడు."

"పెట్టుకుంటే తప్పేంటి?"

"నువ్వు నోర్ముయ్. బుర్క్‌హార్ట్, మీ ముత్తాత పని చేసి ఆ పేరు తెచ్చుకున్నాడు. నువ్వు పని చేసి పోగొట్టుకో. ఈసారి పండగ బట్టీకి శనివారం మధ్యాహ్నం కాపలా నీది. ఒంటికాలి పీట మీద. నిద్రపోకుండా బట్టీ నాకు అప్పజెప్పావంటే, పేరు మారుద్దాం."

"మధ్యాహ్నమా? మధ్యాహ్నం ఎవడు నిద్రపోతాడత్తా?"

"మీ ముత్తాత పడుకుంది మధ్యాహ్నమే."

ఇక ఆ రోజునుంచి ఇంట్లో సాధన మొదలైంది. సంఘం గదినుంచి పీట తెచ్చి వంటింట్లో పెట్టుకుని, హైడ్రున్ బంగాళాదుంపలు తొక్క తీస్తుంటే ఎదురుగా కూర్చున్నాడు. మొదటిసారి కూర్చోగానే పడ్డాడు. అదీ మెలకువగా ఉండగానే.

"నిద్రపోకుండానే పడ్డావు. మీ వంశంలో ఇది కొత్త," అంది హైడ్రున్.

"కాలు చిన్నదిగా ఉంది."

"పీట కాలా, నీ కాలా?"

"నవ్వు. పలక మీద నీ పేరు కూడా ఉంటుంది, గుర్తుపెట్టుకో."

"నాకేం. ముప్ఫై ఏళ్లుగా ఆ పేరుతోనే రొట్టెలు అమ్ముతున్నా. నిద్ర కోలరమ్మ రొట్టె మెత్తగా ఉంటుందంటారు." దుంపని నీళ్లలో పడేసి మొగుడి వంక చూసింది. "నీకు ఇంత బాధగా ఉంటుందని ఎప్పుడూ చెప్పలేదేం?"

"నేనెప్పుడు బాధపడ్డాను?" అన్నాడతను, నేల మీదనుంచి లేస్తూ.

శనివారం వచ్చింది. ఊరి పైన అడవిలో, గుండ్రంగా చదును చేసిన చోట బట్టీ తిరగేసిన పెద్ద గిన్నెలా కూర్చుని పొగలు కక్కుతోంది. లోపల నిలువునా పేర్చిన బీచ్ కట్టెలు, పైన ఫర్ చెట్టు కొమ్మలు, ఆ పైన మట్టీ బొగ్గుపొడీ కలిపి మెత్తిన కప్పు, ఆ కప్పుకి గాలి ఆడేందుకు పొడిచిన కన్నాలు. వాల్‌ట్రౌట్ అత్త కర్రతో చూపించి అప్పజెప్పింది.

"తెల్లపొగ వస్తే కట్టె ఇంకా చెమటోడుస్తోందని. నీలం పొగ వస్తే బొగ్గయిందని. నీలం వచ్చిన కన్నం మట్టితో మూసెయ్. కొత్త కన్నం మాత్రం నేను లేకుండా పొడవకు. మంట కనబడిందా, పలక కొట్టు. అంతే. కూర్చో, చూడు. నువ్వు చెయ్యాల్సిన ఘనకార్యమేమీ లేదు."

"నువ్వెక్కడికత్తా?"

"జుట్టు చేయించుకోడానికి. రేపు పండగకి పేపరువాళ్లు వస్తున్నారు." సిగ్గుపడకుండా చెప్పి కొండ దిగిపోయింది.

బుర్క్‌హార్ట్ ఫ్లాస్కుల నిండా చిక్కటి కాఫీ తెచ్చుకున్నాడు. పీట మీద కూర్చున్నాడు. కాళ్లు రెండూ నేలకి ఆనించి, నడుం నిటారుగా పెట్టి, ఎవరో బొమ్మ గీస్తున్నంత శ్రద్ధగా కూర్చున్నాడు. మొదటి ఫ్లాస్కు తాగాడు. నిద్ర ఆనవాలు లేదు. రెండో ఫ్లాస్కు తాగాడు. చెట్ల ఆకులు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడసాగాయి. అంత మెలకువ అతనికి పెళ్లిరోజున కూడా లేదు.

వెనకాల పుల్ల విరిగిన చప్పుడైంది. అతను తల తిప్పకుండానే అన్నాడు:

"డెట్‌లెఫ్, ఆ చెట్టు సన్నం. నీ పొట్ట బయటికి కనబడుతోంది."

డెట్‌లెఫ్ ఫోను చేత్తో పట్టుకుని ఇవతలికి వచ్చాడు. "ఊరికే ఫోటో తీద్దామని రా. రేపు గోడకి అంటిద్దామని."

"తీసుకో. కళ్లు చూడు, పెద్దగా తీసుకో."

డెట్‌లెఫ్ అటునుంచీ ఇటునుంచీ నాలుగు తీసి, నిరాశగా చూసుకున్నాడు. "ఛ. మరీ గుడ్లగూబలా ఉన్నావు. ఎవడూ కొనడు దీన్ని." సాయంత్రానికి బీరు పీపాలు దించుకోవాలంటూ వెళ్లిపోయాడు.

మళ్లీ నిశ్శబ్దం. చిక్కు అక్కడే మొదలైంది. రోజంతా గేర్లు మారుస్తూ, బ్రేకులు తొక్కుతూ, తలుపులు తీస్తూ మూస్తూ ఉండే మనిషి అతను. చేతులు ఊరుకోవు. చూస్తే తూర్పు వైపు కన్నాల్లోంచి పల్చగా నీలం పొగ వస్తోంది. వెళ్లి మట్టి మెత్తి మూశాడు. బాగుంది. పడమటి వైపు చూస్తే ఇంకా తెల్లగా, దట్టంగా, బద్ధకంగా వస్తోంది. ఒక పక్క చేరుకుంది, ఒక పక్క వెనకపడింది. అతని ఒంట్లోని డ్రైవరుకి అది బస్సు ఆలస్యమైనట్టు అనిపించింది. రేపు పొద్దున్నే బట్టీ విప్పాలి. పేపరువాళ్లు వస్తారు. పడమటి వైపు పచ్చిగా ఉంటే? "నిద్రపోయాడు, పట్టించుకోలేదు," అంటారు. కళ్లు తెరుచుకునే నిద్రపోయాడంటారు.

లేచి కర్ర తీసుకున్నాడు. ఒక్క కన్నం. చిటికెనవేలంత. పొడవగానే లోపలినుంచి పొగ బుస్సున వచ్చింది. అబ్బ, ఎంత తృప్తిగా ఉందో. మాట వింటోంది. పక్కన ఇంకొకటి పొడిచాడు. రెండు పొడిచాక మూడోది లేకపోతే వంకరగా కనబడింది. అలా పడమటి వైపంతా వరసగా, బస్సు కిటికీల్లా పొడిచేశాడు. పీట మీదనుంచి లేచి ఎంతసేపయిందో అతనికి గుర్తు లేదు. కునుకు తీస్తే కింద పడేసే పీట చేశారు గానీ, కూర్చోలేనివాణ్ని కూర్చోబెట్టే పీట కోలర్లలో ఎవరూ చెయ్యలేదు.

లోయలోంచి గాలి లేచింది.

ముందు పొగ పసుపు రంగుకి తిరిగింది. తర్వాత కప్పు మెల్లగా కుంగింది. ఓవెన్ తలుపు తొందరపడి తీస్తే కేకు నడుమ కుంగినట్టు. కుంగిన చోట మట్టి చీలి, చీలికలోంచి ఎర్రటి కన్ను ఒకటి అతని వంక చూసింది.

బుర్క్‌హార్ట్ పార అందుకున్నాడు. మట్టి వేశాడు. కన్ను మూసుకుంది. పక్కన ఇంకొకటి తెరుచుకుంది. అక్కడ వేస్తే ఇక్కడ. తను పొడిచిన ప్రతి కన్నం గాలి పీల్చుకుంటోంది. మంట నాలుక బయటికొచ్చింది. ముందు చిన్నది, నీలంగా. తర్వాత పసుప్పచ్చగా, మనిషి ఎత్తు.

రెండు గుంజల మధ్య పలక వేలాడుతోంది. పక్కనే కొయ్యసుత్తి. నాలుగడుగుల దూరం.

అతను కదల్లేదు. పలక మోగితే ఊరు ఊరంతా కొండెక్కి వస్తుంది. అందరూ చూస్తారు. ఇంకాసేపు మట్టి వేస్తే ఆరిపోతుందేమో, ఎవరికీ తెలియకుండానే పోతుందేమో. ఆరకపోతే, ఏదో ఒకటి, గాలి అనొచ్చు. కప్పు సరిగ్గా మెత్తలేదనొచ్చు. అత్త ముసలిదైపోయిందనొచ్చు.

ఆ ఆలోచన వచ్చినందుకు చెవులు వేడెక్కాయి. ముత్తాత కూడా ఇక్కడే, ఇదే పలక ముందు, ఇలాగే నిలబడి ఉంటాడని అప్పుడు తట్టింది. పాకలో మళ్లీ నిద్రపోతూ దొరికాడని ఊరు కడుపుబ్బ నవ్వుకుంటుంది. నిద్రపోలేదేమో. కళ్లు గట్టిగా మూసుకుని పడుకున్నాడేమో. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకలాగే కనబడతాయి.

"పోనీ," అన్నాడు బుర్క్‌హార్ట్ పైకే, ఎవరూ లేకపోయినా. సుత్తి అందుకుని పలక మీద కొట్టాడు. మోత అడవిలోంచి కిందికి దొర్లింది. మళ్లీ కొట్టాడు. చేతులు మంటపుట్టేదాకా, ఇన్నేళ్లూ నవ్విన నవ్వులన్నీ అందులో వేసి కొట్టాడు.

ముందు డెట్‌లెఫ్ వచ్చాడు, రొప్పుతూ, బకెట్లతో. తర్వాత ఫుట్‌బాల్ జట్టు, గోల్‌కీపరుతో సహా. హైడ్రున్ రొట్టెల దుకాణం ఏప్రనుతోనే వచ్చింది. అందరికంటే చివర, అయినా అందరికంటే పెద్దగా అరుస్తూ, తలనిండా జుట్టుకి బిగించిన గులాబీ రంగు ప్లాస్టిక్ చుట్టలతో వాల్‌ట్రౌట్ అత్త.

"నీళ్లు అక్కడ కాదు, కింద! మట్టి వెయ్యండి, మట్టి! ఎవడ్రా ఇన్ని కన్నాలు పొడిచింది? జల్లెడ చేశాడు ఎవడో నా బట్టీని!"

 మంట లేచినప్పుడు అక్కడ బుర్క్‌హార్ట్ తప్ప ఇంకెవరూ లేరు కాబట్టి ఆ ఎవడో ఎవడో అందరికీ తెలుసు. పొద్దువాలేసరికి మంట అణిగింది. పడమటి సగం బూడిద. తూర్పు సగం నిలబడింది.

అందరూ మసి మొహాలతో నిలబడ్డారు. నాలుగొందల ఏళ్ల కిందటి గుమాస్తా గనక అప్పుడు గుర్రం దిగి ఉంటే మళ్లీ అదే పేరు రాసుకుని పోయేవాడు. విచిత్రంగా ఎవరూ నవ్వలేదు. డెట్‌లెఫ్ కూడా బూట్ల వంక చూసుకుంటున్నాడు. బుర్క్‌హార్ట్‌కి జీవితంలో అంతకంటే భయంకరమైన నిశ్శబ్దం తగల్లేదు. జాలిపడుతున్నారు. నవ్వే నయం.

గొంతు సవరించుకున్నాడు.

"మా ముత్తాత నిద్రపోయి తగలబెట్టాడు. నేను నిద్ర మానుకుని తగలబెట్టాను. ఇక మా ఇంట్లో ప్రయత్నించాల్సింది ఏమీ మిగల్లేదు."

ముందు హైడ్రున్‌కి వచ్చింది నవ్వు. ఆవిడది ఆగేది కాదు. తర్వాత అందరూ పట్టుకున్నారు. గోల్‌కీపరు నేల మీద కూర్చుండిపోయాడు. వాల్‌ట్రౌట్ అత్త మాత్రం నవ్వలేదు. ఊడిపోయిన చుట్ట ఒకటి జేబులో వేసుకుని, "మీ ముత్తాతకి బూడిదే మిగిలింది. నీకు సగం మిగిలింది," అంది. అతని వంక చూసి, "పలక కొట్టావు," అని కూడా అంది. తర్వాత సగం ఆరిన జుట్టుతో కొండ దిగిపోయింది.

మర్నాడు పండగ. మిగిలిన సగం విప్పి బొగ్గు లాగారు. చేత్తో తడితే గాజులా మోగే మంచి బొగ్గు. పేపరువాళ్లు ఫోటో తీసుకున్నారు, అత్త తలకి రుమాలు కట్టుకుని నిలబడింది. భోజనాలయ్యాక బీరు పందిరి కింద డెట్‌లెఫ్ బల్ల మీద గ్లాసుతో టకటక కొట్టాడు.

"తలుపు పలక సంగతి తేల్చాలి. మాటంటే మాట. బుర్క్‌హార్ట్ నిద్రపోలేదు. ఫోటోలు కూడా ఉన్నాయి. కాబట్టి నిద్ర అనే పేరు పోవాలి. మరి కొత్త పేరు? నేను చెప్తా, కన్నాల కోలర్!"

పందిరి ఎగిరిపోయేంత అరుపులు. జల్లెడ కోలర్ బాగుంటుందని ఒకడు. కాఫీ కోలర్ అని ఇంకొకడు. చివరికి అన్ని వైపులనుంచీ కన్నాలే గెలుస్తున్నట్టు కనబడింది.

బుర్క్‌హార్ట్‌కి చేతిలోని సాసేజీ చల్లారిపోయింది. తలుపు పక్కన ఓక్ చెక్క. దాని మీద కన్నాల కోలర్. స్వెన్యా పిల్ల బడికి వెళ్తుంది. "ఏమే కన్నాలదానా, మీ తాత ఏం చేశాడు?" ఎవరో పాతకాలం మనిషి కాదు, తాత. బతికున్న తాత. బస్సు నడిపే తాత.

లేచి నిలబడ్డాడు. "నేను ఒప్పుకోను. నా పేరు నాకివ్వండి."

"ఏ పేరు?"

"నిద్ర."

 హైడ్రున్ నోటి దగ్గర పెట్టుకున్న గ్లాసు దించింది.

"నిన్నటిదాకా అదే వద్దని చంపావు కదరా," అన్నాడు డెట్‌లెఫ్.

"నిద్ర మా ముత్తాతది. నేను మోస్తున్నానంతే, కూలివాణ్ని. కన్నాలు నా సొంతం. సొంతం నాకొద్దు."

"అది కుదరదబ్బాయ్. నువ్వు నిద్రపోలేదు."

"పోయాను."

"ఎప్పుడు?"

"మధ్యలో. చిన్న కునుకు. ఎవరూ లేనప్పుడు." అబద్ధమాడటం రాని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. "పీట మీదనుంచి కూడా పడ్డాను. కావలిస్తే మా ఆవిణ్నడగండి, నడుం మీద దెబ్బ ఉంది."

"ఉంది," అంది హైడ్రున్ వెంటనే. ఆ దెబ్బ ఎక్కడ, ఎప్పుడు తగిలిందో ఆవిడ చెప్పలేదు. ఆవిణ్ని ఎవరూ అడగలేదు.

"అబద్ధం! ఫోటోలు నా దగ్గరున్నాయి, గుడ్లగూబ!" డెట్‌లెఫ్ ఫోను తీశాడు.

వాల్‌ట్రౌట్ అత్త చెయ్యి చాచింది. "ఇటివ్వు." ఫోను కళ్లకి దూరంగా పెట్టుకుని ఒక్కొక్క ఫోటో జరుపుతూ చూసింది. మొదటిదాంట్లో బుర్క్‌హార్ట్ కళ్లు పెద్దవి చేసుకుని ఉన్నాడు. రెండోదాంట్లో ఇంకా పెద్దవి. మూడోదాంట్లో పొగ మొహం మీదికి వచ్చినట్టుంది, కళ్లు గట్టిగా మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని ఉన్నాడు. అత్త అక్కడ ఆగింది. తల ఎత్తి బుర్క్‌హార్ట్ వంక చూసింది. నిన్న పలక కొట్టావు అన్నప్పుడు చూసినట్టే చూసింది.

"కళ్లు మూసుకుని ఉన్నాడు," అంది.

"అది పొగ అత్తా! పొగకి రెప్ప కొట్టాడు!"

"ఎనిమిదేళ్లప్పటినుంచి బట్టీల దగ్గర ఉన్నాను. నిద్రంటే ఏంటో నువ్వు నాకు చెప్తావా? నోరు చూడు, తెరుచుకుని ఉంది." ఫోను డెట్‌లెఫ్ చేతిలో పెట్టింది. "నిద్రపోయాడు. పేరు మారదు. పలక ఎవడి గోడకి వాడే బిగించుకోవాలి. బీరు పొయ్యండి."

బుర్క్‌హార్ట్ కూర్చున్నాడు. ఇంత కష్టపడి, బట్టీ సగం తగలేసి, అబద్ధపు సాక్ష్యం చెప్పి, ఉన్నదే సంపాదించుకున్న మనిషి జర్మనీలో ఉన్న కోలర్లందరిలో ఇంకొకడు ఉండడనుకున్నాడు. సాసేజీ మళ్లీ నిప్పుల మీద పెట్టించుకున్నాడు. తన బొగ్గే. బాగానే కాలింది.

ఆ సాయంత్రమే తలుపు పక్కన పలక బిగించాడు. హైడ్రున్ కింద నిలబడి, "ఎడమ వైపు దిగింది," అంది. సరిచేశాడు. "ఇప్పుడు కుడి వైపు దిగింది." అలాగే వదిలేశాడు. నిద్రపోతున్న పేరుకి ఒక పక్కకి ఒరిగి ఉండటం నప్పిందన్నాడు.

సోమవారం చీకటితోనే బస్సు తీశాడు. వంపు దగ్గర పిల్లలు ఎదురుచూస్తున్నారు. తలుపు తెరుచుకోగానే ముందున్న పిల్ల అరిచింది:

"నిద్ర కోలర్ గారూ! పలక చూశాం! ఆవులించండి, ఆవులించండి!"

అతను నోరు తెరిచాడు. రెండు రాత్రులుగా కన్ను మూతపడలేదేమో, ఈసారి నటించాల్సిన పని పడలేదు. అసలైన ఆవులింత కడుపులోంచి తన్నుకుంటూ వచ్చి, కళ్లలో నీళ్లు తెప్పించి, ఎంతకీ ఆగలేదు. పిల్లలు చూస్తూ నిలబడిపోయారు. వాళ్లు అంత మంచిది ఇంతకుముందు చూడలేదు.

కళ్లు తుడుచుకుని, తలుపు మూసి, వేళకే బస్సు కదిలించాడు.